కార్వేటినగరం వంకలో చింతమొద్దు

తిరుపతి వెళ్ళి వచ్చానంటే మా రాజమండ్రిలో ఎవరైనా ముందు తల వైపు చూస్తారు. జుట్టు ఉన్నచోటే ఉండటం గమనించి, "కొండెక్కలేదా?" అని రెండో ప్రశ్న వేస్తారు. ఎక్కాను. దర్శనమూ అయింది, ప్రసాదమూ తెచ్చాను. కానీ ఈ ప్రయాణంలో నన్ను నిలువునా నిలబెట్టిన దృశ్యం కొండ మీద కనబడలేదు. కొండ దిగి, పుత్తూరు దాటి, కార్వేటినగరానికి అవతల నీళ్ళు లేని ఒక వంకలో, మా మాటలో వాగులో, కనబడింది. అటు వెళ్ళేవారు తక్కువ, వెళ్ళినా ఆ వంకలోకి దిగేవారు ఇంకా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

తిరుపతి: గెలిచిన వాదన, మిగిలిన ప్రశ్న

నేను తిరుపతి వెళ్ళింది కళాశాలల మధ్య జరిగే వక్తృత్వ పోటీకి. "మనిషి వెన్నును నిటారుగా నిలపగలిగేది యంత్రమే" అన్నది అంశం. నేను అనుకూల పక్షం. మా గోదావరి గట్టున కలప అడితుల్లో చిన్నప్పటినుంచీ చూసిన దృశ్యాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. నదిలో తేలి వచ్చిన దుంగను ఒడ్డుకు చేర్చడానికి ఇరవైమంది భుజాలు కాయలు కాయాలా, ఒక్క ఇనుప చెయ్యి చాలదా అని అడిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ప్రతికూల పక్షంలో మాట్లాడినవాడు ఆ ఊరి కళాశాలలోనే చదివే మునిరత్నం. సన్నగా, నల్లగా, చొక్కా చేతులు మోచేతులపైకి మడిచి నిలబడ్డాడు. అతడు నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "మీరు ఎప్పుడైనా ఒక దుంగను స్వయంగా కదిలించారా?"

"వైద్యుడు ప్రతి జ్వరమూ తాను పడి చూసే మందిస్తున్నాడా?" అన్నాను. సభ నవ్వింది. కప్పు నాకు వచ్చింది. బహుమతి చేతిలోకి తీసుకుంటున్నప్పుడే ఒక సంగతి నాకు స్పష్టంగా తెలిసింది: నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, దాన్ని తప్పించుకున్నాను.

సాయంత్రం గోవిందనామాలు వినబడే వీధిలో ఒక కాఫీ అంగట్లో మునిరత్నం మళ్ళీ కలిశాడు. ఆ అంగట్లో లోటా కింద చిన్న గిన్నె పెట్టి కాఫీ ఇస్తారు. అది కాఫీ చల్లార్చుకోవడానికని తెలియక నేను గిన్నెను పక్కకు నెట్టి, మండే లోటాను పట్టుకుని వేళ్ళు కాల్చుకున్నాను. అంగడివాడు నాతో తెలుగులోనూ, పక్కవాడితో అరవంలోనూ, మధ్యలో తనతో తాను రెండింటిలోనూ మాట్లాడుతున్నాడు. ముప్పై పైసలకు అంత చిక్కటి కాఫీ మా వైపు దొరకదు.

"ఓడిపోయినందుకు కోపంగా పిలస్తాండానని అనుకోవద్దండి," అన్నాడు మునిరత్నం. వేదిక మీది భాష దిగిపోయి అతని ఊరి భాష వచ్చింది. "మా అమ్మ గానుగాడిస్తాది. గానుగ రోలు పగిలిపోయింది. కొత్తదానికి చింతమొద్దు వంకలో పడుండాది. దాన్ని గట్టుకెక్కిస్తాండారు. రాండి, సూద్దురు."

పోటీలో గెలిచినవాడు ఓడినవాడి ఆహ్వానాన్ని నిరాకరించడం సభ్యత కాదు. అంతకన్నా, జవాబు చెప్పని ప్రశ్న ఒకటి జేబులో రాయిలా బరువుగా ఉంది.

పుత్తూరు: గుడ్డు వాసన వేసే చెయ్యి

పుత్తూరులో బస్సు మారాలి. అక్కడ బస్సుల కోసం నిలబడినవారిలో సగంమందికి చేతికో కాలికో కట్టు ఉంది. ఊళ్ళో పెద్ద తగాదా జరిగిందేమోనని భయపడ్డాను. మునిరత్నం నవ్వి అసలు సంగతి చెప్పాడు. విరిగిన ఎముకకు పసరూ, కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి వెదురు బద్దలతో కట్టే విద్య ఆ చుట్టుపక్కల తరతరాలుగా ఉందట. మద్రాసు నుంచి కూడా వస్తారట. మా ఊళ్ళో అయితే విరిగిన చెయ్యి అనగానే పెద్దాసుపత్రి. ఇది శాస్త్రమా, నమ్మకమా అని అడగబోతుండగా మునిరత్నం నన్ను వదిలి పరుగెత్తాడు.

"సెంగయ్య మామా! యేమైంది మామా?"

వేపచెట్టు నీడలో కూర్చున్న మనిషి తల ఎత్తాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి, ఎండిన కట్టెలాంటి శరీరం. కుడి ముంజేతికి వెదురు బద్దల కట్టు. గుడ్డు వాసన అంత దూరానికీ వచ్చింది.

"నీకు తెల్దా? మొద్దుకు ట్రాక్టరు కట్టినారు గదా మొన్న."

చెంగయ్య మొద్దులు దొర్లించే జట్టులో మనిషి. మునిరత్నం తల్లి కుప్పమ్మ ఆ జట్టుకే పని ఒప్పజెప్పింది. ఈలోగా పక్క చేని రైతు ఒకాయన సాయం చేద్దామని తన ట్రాక్టరు పంపాడు. మొద్దుకు గొలుసు వేశారు. సగం గట్టు ఎక్కాక గొలుసు జారింది. మొద్దు వెనక్కి దొర్లింది.

"ఎవరి పొరపాటు? గొలుసుదా, కట్టినవాడిదా, నడిపినవాడిదా?" అని అడిగాను.

చెంగయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఎవురప్పా ఈయన?"

"గోదావరి జిల్లా. పోటీలో నన్ను ఓడగొట్టినాడు."

"మూడు ప్రశ్నలు ఒగేసారి అడిగితే ఓడిపోక యేం జేస్తావు?" అని నవ్వి నా వైపు తిరిగాడు. "ఒగొగటీ అడుగప్పా. ఎవురి తప్పూ లేదు. డ్రైవరు మంచోడే. మొద్దు కింద పెట్టిన అడ్డు సరిగ్గా కూర్చోలేదు, లేదు లేదని నేను అరస్తానే ఉండా. వాడికి ఇంజను సద్దు. ఇనబడ్లా. అంతే."

అతడు మాతోనే బస్సెక్కాడు. ఇంటికి వెళ్ళి పడుకోకూడదా అని మునిరత్నం బతిమాలాడు. "అడ్డు పెట్టేదానికి మనిషి లేకపోతే మీ యమ్మ గానుగ ఈ జన్మకు తిరగదు. సెయ్యి ఇరిగినాది గానీ కండ్లు ఇరగలేదు గదా," అన్నాడు చెంగయ్య.

కార్వేటినగరం: మబ్బు కింద పల్లె

కార్వేటినగరంలో పాత సంస్థానపు కోట మిగిలిన మేరకు చూశాం. గోడలు కూలినచోట పై దూలాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి నా రెండు చేతుల కౌగిలికి అందనంత లావు. మా గోదావరి అయితే ఇలాంటివాటిని తన వీపున మోసుకువచ్చి వాకిట్లో పెడుతుంది. ఇక్కడ నది లేదు. ఉన్నవి కొండలూ, రాళ్ళూ, వాన పడితే తప్ప పారని వంకలూ. మరి ఇవి ఇంత ఎత్తుకు ఎలా చేరాయి? ఎవరు కట్టించారో చెప్పేవారు అక్కడ చాలామంది ఉన్నారు. ఎవరు ఎక్కించారో చెప్పినవారు ఒక్కరూ లేరు.

అక్కడినుంచి రెండు మైళ్ళు నడక. దారి పొడుగునా చేలల్లో వేరుశెనగ పీకుతున్నారు. ఆడామగా, ముసలీముతకా అందరూ చేలోనే ఉన్నారు. కారణం తలెత్తితే కనబడుతుంది: తూర్పున మబ్బు. పోయిన ఏటి ఉప్పెన తరువాత మా కోస్తా వాళ్ళకు కార్తీక మాసపు మబ్బంటే గుండె జారుతుంది. ఇక్కడివాళ్ళు అదే మబ్బు కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. కానీ కాయలు ఇల్లు చేరేదాకా ఆగమని కూడా దాన్నే వేడుకుంటారు.

కుప్పమ్మ ఇంటి ముందే ఎదురయింది. భర్త పోయిన తరువాత పదేళ్ళుగా గానుగను తానే నడుపుతున్న మనిషి. చేతులు మోచేతుల దాకా నూనె తాగి మెరుస్తున్నాయి. కొట్టంలో పగిలిన గానుగ రోలు భూమిలో పాతినది పాతినట్టే ఉంది. పై అంచు నుంచి కిందికి వేలు దూరేంత చీలిక.

"ఆషాఢం గాలికి మా చింతమాను వంకలోకి పడింది నాయనా," అంది నాకు నీళ్ళిస్తూ. "పోతే పోయింది, రోలుకు పనికొస్తాదని మొదలు కోసి పెట్టినాము. కొండల్లో వాన పడితే వంక వస్తాది. వంకొస్తే మొద్దును యాడికి తీసకపోతాదో, యే ఇసకలో పూడస్తాదో. ఉగాది నించి గానుగ నిలిచిపోయింది. ఊరంతా పుత్తూరు మిల్లుకు పోతాండారు. ఈ శెనక్కాయల కాలానికి గూడా తిరగలేదంటే ఇంక మన గడపకు ఎవురూ రారు."

"పెద్ద యంత్రం తెప్పించలేరా అమ్మా? పట్నాల్లో బరువులెత్తే క్రేనులు ఉన్నాయి కదా?"

"ఉంటాయి నాయనా. వంక దాకా దాన్ని ఎవురు ఎత్తకొస్తారు?"

నా కప్పు గెలిచిన ఉపన్యాసంలో ఆ సంగతి లేదు.

వంక: పనిముట్లు

వంక ఒడ్డు నిలువెత్తుకు పైనే ఉంది. అడుగున ఇసుకలో చింతమొద్దు పడుకుని ఉంది. పొడవు పన్నెండు అడుగులు. మొదలు వైపు ఇద్దరు మనుషులు చేతులు కలిపినా చుట్టు అందదు, కొన వైపు కొంచెం సన్నం. లోపలి చేవ ఎర్రగా, తడిసిన ఇటుక రంగులో ఉంది. నేను చెయ్యి వేసి నెట్టాను. కొండను నెట్టినట్టు ఉంది.

"కదిలిందా సారూ?" అన్నాడు వెనక నుంచి ఒక గొంతు. ఆయన జట్టు పెద్ద గురప్ప. అరవై దాటిన మనిషి, మీసాలు తెల్లబడ్డాయి, మెడ మాత్రం ఎద్దు మెడ.

దీన్ని కదిలించడానికి వాళ్ళు తెచ్చుకున్న సరంజామా అంతా ఒక దుప్పటి మీద సర్దేంత మాత్రమే ఉంది. ఏపి అనే గట్టి కొయ్యతో చేసిన నిలువెత్తు మీటలు రెండు, నడుమ లావుగా, కొస చదునుగా. మేము గునపం అనేదాన్ని వీళ్ళు గడారి అంటారు, అవి రెండు. కొబ్బరిపీచు మోకులు రెండు, నీళ్ళలో నానబెట్టినవి. అడ్డులు రెండు. అడ్డు అంటే కొబ్బరికాయంత చింతకొయ్య, ఒక పక్క వాలుగా చెక్కినది. దానికి రెండు మూరల పిడి, చెయ్యి మొద్దు కిందికి పోకుండా. ఒడ్డు మీదికి వాలుగా వేసిన రెండు తాటిమానులు దారి. ఇంతే. చక్రం లేదు, కప్పీ లేదు. పిడుల మీద మాత్రం చేతులు తగిలి తగిలి గాజులా నునుపు తేలింది.

పద్ధతి గురప్ప చూపించాడు. మోకు ఒక కొస పైన ఒడ్డున గుంజకు కట్టి, మొద్దు కింది నుంచి చుట్టి, రెండో కొసను మళ్ళీ పైకి తీసుకుపోతారు. పైనున్నవాళ్ళు లాగితే మొద్దు తాటిమానుల మీద అడ్డంగా దొర్లుతూ ఎక్కుతుంది. కింద ఇద్దరు మీటలతో ఎత్తుతారు. ఒక పట్టుకు జానెడు.

"ఎద్దులను కట్టి లాగించవచ్చు కదా?" అన్నాను.

"ఎద్దు జవాబు చెప్పదు గదప్పా," అన్నాడు గురప్ప. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కనుక తల ఊపాను.

చెంగయ్య మరో మర్మం చెప్పాడు. మొద్దు అన్ని చోట్లా ఒకే లావు కాదు. ఒక్క చుట్టు తిరిగితే లావు వైపు ఎక్కువ దూరం పోతుంది, సన్నం వైపు తక్కువ. "మొదలుకు తొందర, కొనకు బద్దకం. ఇడిసిపెడితే అడ్డం తిరిగి మనుషుల మీదికొస్తాది. మొదలును ఆపి పెట్టుకోని, కొనను బతిమాలి తేవాల. ఈ పనంతా అదే." వృత్తం చుట్టుకొలత సూత్రం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని. అది ఒక మనిషి నడుము విరగ్గొట్టగల సత్యమని ఆ వంకలో తప్ప ఎక్కడా తట్టలేదు.

మధ్యాహ్నం కుప్పమ్మ సంగటి తెచ్చింది. అందరమూ ఇసుకలోనే వరుసగా కూర్చున్నాం. ఆకులో నల్లటి రాగి ముద్ద, పక్కన ఊరిబిండి, అంటే వేయించిన శెనక్కాయల పచ్చడి. వరి అన్నం తప్ప ఎరుగని నేను ముద్దను శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాను. ఎంత నమిలినా అది పళ్ళకు అంటుకుంటోంది గాని లోపలికి పోవడం లేదు. జట్టు తినడం మానేసి నన్ను చూస్తోంది.

"నమలాకప్పా, మింగు!" అన్నాడు గురప్ప తమ్ముడు నరసింహులు. "సంగటితో గూడా వాదన పెట్టుకుంటివే!"

మింగాను. గొంతులో నుంచి వెచ్చగా, బరువుగా జారి కడుపులో కూర్చుంది. మోకులూ తాటిమానులూ కుదర్చడంతోనే సాయంత్రమైంది, అప్పటిదాకా ఆకలి అన్న మాట లేదు.

అడ్డు దగ్గర

మరునాడు పొద్దున పని మొదలయ్యే వేళకు ఒక మనిషి తక్కువ. జట్టు మొత్తం ఆరుగురు. గురప్పా, ఇంకొకడూ మీటల దగ్గర. ఇద్దరు మోకుల దగ్గర. మొదలు వైపు అడ్డు నరసింహులుది. కొన వైపు అడ్డు చెంగయ్యది, అతని చెయ్యి కట్టులో ఉంది. మునిరత్నమూ కుప్పమ్మా మోకులు పట్టుకున్నారు. ఊళ్ళో మరొకరిని పిలుద్దామంటే అందరూ చేలల్లో ఉన్నారు. మబ్బు పొద్దుటికి మరింత దిగింది.

"నేను పెడతాను," అన్నాను.

గురప్ప ఒప్పుకోలేదు. "వద్దు నాయనా. అతిథివి. అది బలం పని గాదు, మాట పని."

"మాట పనైతే నాకు చేతనవును."

జట్టంతా నవ్వింది. చెంగయ్య మాత్రం నవ్వలేదు. "నేను పక్కనే కూర్చుంటా. సెయ్యి ఆయనది, కన్ను నాది," అన్నాడు. మబ్బు వైపు ఒకసారి చూసి గురప్ప తల ఊపాడు.

పని మొదలైంది. గురప్ప "ఊ... పట్టు!" అనగానే పైన మోకులు బిగుసుకుంటాయి, కింద మీటలు లేస్తాయి, మొద్దు మూలుగుతూ జానెడు పైకి దొర్లుతుంది. అక్కడ అందరూ దాన్ని పట్టి ఉంచుతారు. ఆ క్షణంలో అడ్డులు మొద్దు కిందికి తోయాలి. అప్పుడు గురప్ప అడుగుతాడు:

"మొదలు?"

"ఉండాది!" అంటాడు నరసింహులు.

"కొన?"

"ఉండాది!"

రెండు జవాబులూ చెవిన పడితేనే పట్టు సడలుతుంది. పడకపోతే ఎవరూ వదలరు. మీటలవాళ్ళు నిలబడేది మొద్దుకు దిగువన. అడ్డు లేకుండా పైవాళ్ళు వదిలితే అది దొర్లేది వాళ్ళ గుండెల మీదికే. గురప్పకు తన వైపు నుంచి అడ్డు కనబడదు. అతని కళ్ళ ముందు ఉన్నది మొద్దు ఒక్కటే. మా మాటే అతనికి చూపు. ఎద్దు గురించి అతడన్న మాట నాకు అప్పుడు అర్థమైంది.

మొదటి పట్టుకు అడ్డును రెండుసార్లు తోయవలసి వచ్చింది. పదో పట్టుకు చేతులు కుదురుకున్నాయి. సగం ఒడ్డు ఎక్కేసరికి నా గొంతులో నాకే వినబడేంత ధీమా వచ్చింది. "ఉండాది!" అని ఆ ఊరి మాటలోనే అరుస్తుంటే పైనుంచి మునిరత్నం, "సూడు, మనోడై పొయ్యినాడు," అన్నాడు.

అప్పుడు తుంపర మొదలైంది. తాటిమానులు తడిశాయి. ఒడ్డు చివరి భాగం మరీ నిటారు. గురప్ప "పట్టు!" అన్నాడు. మొద్దు లేచింది. నేను అడ్డు తోశాను. తోస్తుండగా చింతబెరడు పెళ్ళ ఒకటి ఊడి అడ్డు ముక్కు కింద పడింది. అడ్డు దాని మీదే కూర్చుంది. నేను చూశాను.

"మొదలు?"

"ఉండాది!"

"కొన?"

మీద మోకులు కిర్రుమంటున్నాయి. కుప్పమ్మ పాదాలు మట్టిలో జారుతున్నాయి. మీటలవాడు మీట కిందికి భుజం చేర్చాడు. వాళ్ళ బరువు దింపాలని నాకు ఆత్రం. బెరడు చిన్నదే, ఆగుతుందిలే అనిపించింది. వేదిక మీద గంట కొట్టబోయే ముందు నిశ్చయంగా తెలియని సంగతిని నిశ్చయంగా చెప్పే అలవాటు నాలుక మీదికి వచ్చింది, కాని సగంలో సిగ్గుపడింది.

"ఉన్నట్టే ఉండాది," అన్నాను.

ఎవరూ వదలలేదు.

"ఉన్నట్టే అంటే?" అంది మొద్దు కింది నుంచి గురప్ప గొంతు. కోపం లేదు. ఊపిరి మాత్రం బిగబట్టి ఉంది. "ఉండాదా, లేదా? రెండే మాటలు నాయనా."

నేను చెంగయ్య వైపు చూశాను. అతడు అక్కడే, నా మోచేతి దగ్గరే ఉన్నాడు. అతనికి తెలుసు, ముఖంలోనే కనబడుతోంది. "నన్ను సూడాకు," అన్నాడు మెల్లగా. "దాన్ని సూడు."

వంగాను. ముఖం తాటిమాను దాకా తెచ్చి చూశాను. బెరడు మీద అడ్డు వెంట్రుకవాసి వెనక్కి జారుతోంది.

"లేదు!"

నా జీవితంలో నేను పలికిన మాటల్లో ఇంత పొట్టిదీ ఇంత కష్టమైనదీ మరొకటి లేదు. నా వల్ల ఆరుగురు మనుషులు ఆ బరువు కింద, వానలో, ఇంకా నిలబడాలి. ఒక్క తిట్టు కోసం ఎదురుచూశాను. రాలేదు. పైనుంచి కుప్పమ్మ గొంతు వచ్చింది. పళ్ళ మధ్య నుంచి వచ్చినా తొణకలేదు:

"నిదానంగా సూడు నాయనా. మేం పట్టుకోనుండాం."

ఆ మొద్దు మీద ఆమె బతుకంతా ఉంది. అది జారితే ఆమె గానుగ పోతుంది. అయినా ఆమె నన్ను తొందరపెట్టలేదు. నేను పిడి వెనక్కి లాగాను. చెంగయ్య ఎడమచేతి వేళ్ళతో బెరడును ఊడబెరికాడు. అడ్డు మళ్ళీ తోసి, మడమతో తన్నాను. కొయ్య కొయ్యను కరిచిన చప్పుడు వినబడింది. పిడి పట్టి ఊపి చూశాను. కదలలేదు.

"కొన... ఉండాది!"

పట్టు సడలింది. మొద్దు అడ్డు మీదికి ఒరిగి, ఒక్క మూలుగు మూలిగి, ఆగింది. అప్పుడు వినబడిన ఆరుగురి ఊపిరి చప్పుడు నేను మరచిపోలేను. కోటలో చూసిన దూలాలు గుర్తొచ్చాయి. ఒక్కొక్కదాని వెనకా ఇన్ని పట్టులు, పట్టు పట్టుకూ ఒక ప్రశ్న, ఒక నిజమైన జవాబు. ఒక్కటి అబద్ధమైనా ఆ దూలం అక్కడ ఉండదు. అక్కడ నిలబడి ఉన్నది రాజుల వైభవం అనుకున్నాను. అది కొన్ని వేలసార్లు తడబడకుండా పలికిన నిజం.

గురప్ప మొద్దు కింది నుంచి బయటికి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. క్షమాపణ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదటి దినమే లేదనేవాడు తక్కువప్పా. అందరూ ఉండాదనే అంటారు. ఈ సెంగడు గూడా అన్నాడు, ముప్పై ఏండ్ల కింద. సూపించరా."

చెంగయ్య తన ఎడమచెయ్యి ముందుకు చాచాడు. రెండు వేళ్ళు మధ్య కణుపు దగ్గర ఆగిపోయాయి. పొద్దుటినుంచీ అతని పక్కనే ఉన్నాను. గమనించలేదు.

ఒడ్డు మీద

ఇంకో పదిహేను పట్టులకు మొద్దు ఒడ్డెక్కింది. చదును నేల మీద ఆఖరిసారి దొర్లి నిలిచింది. మోకులు నేలకు జారాయి. మునిరత్నం చేతులు చూసుకుంటూ కూలబడ్డాడు, అరచేతుల్లో తోలు లేదు. కుప్పమ్మ మొద్దు దగ్గరికి వచ్చి, దాని ఎర్రటి చేవ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

నేల చదునుగానే ఉంది. మొద్దు ఎటూ దొర్లే వీలు లేదు. అయినా గురప్ప పనిముట్లు మూట కట్టే ముందు అడిగాడు:

"మొదలు?"

"ఉండాది."

"కొన?"

నేను వంగి, చేత్తో తడిమి చూసి, అప్పుడు చెప్పాను.

తిరుగు ప్రయాణం

ఆ సాయంత్రం నుంచి వాన ఆగలేదు. తెల్లారేసరికి వంక నిండుగా, ఎర్రగా పారుతోంది. మొన్న మేము సంగటి తిన్న ఇసుక ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. నేను బయలుదేరేటప్పుడు కుప్పమ్మ ఊరిబిండి ఉండ ఆకులో కట్టిచ్చింది. "గానుగ తిరిగినాక నూనె పంపిస్తాను," అంది. తిరగకపోతే అన్న మాట ఈసారి ఆమె నోటి నుంచి రాలేదు.

పుత్తూరుకు వెళ్ళే ప్రైవేటు బస్సులో మునిరత్నం నా పక్కన, చెంగయ్య ముందు సీట్లో కూర్చున్నారు. చెంగయ్య తడిసిన కట్టు మార్పించుకోవడానికి వస్తున్నాడు.

"మళ్ళీ పోటీ పెడితే ఏ పక్షం?" అని మునిరత్నం అడిగాడు.

ఆలోచించే జవాబు చెప్పాను. పక్షం మారలేదు. చెంగయ్య వేళ్ళు పోకూడదు, గురప్ప ఆ వయసులో మొద్దు కింద నిలబడకూడదు. ఆ వంక దాకా రాగల యంత్రం రావాలనే ఇప్పటికీ కోరతాను. కాని "లేదు" అని ఒకరు అరిస్తే దానికి వినబడాలి. అలాంటి యంత్రం ఉందా అని నన్ను అడిగితే, తెలియదు.

"కప్పు రాదు దీనికి," అన్నాడు మునిరత్నం.

ఎగువలో బస్సు ఆవిరి కక్కుతూ ఆగింది. ఇంజనుకు నీళ్ళు పొయ్యాలి. నడివయసు క్లీనరు ఒకాయన కొయ్యముక్క తీసుకుని దిగి, వెనక చక్రం కింద పడేసి, వెంటనే డబ్బాతో ముందుకు నడిచాడు. డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచే, తల బయటపెట్టి అరిచాడు:

"పెట్టినావా?"

"పెట్టినానన్నా!" అన్నాడు క్లీనరు, వెనక్కి తిరిగి చూడకుండానే.

చెంగయ్య సీట్లోంచి లేచాడు. "కాలు తియ్యాకు డ్రైవరన్నా," అని, విరిగిన చేతిని ఛాతీకి ఆనించుకుని, వానలో మెట్లు దిగాడు. నేనూ దిగాను. ఇద్దరమూ చక్రం దగ్గర వంగాం. కొయ్యకూ చక్రానికీ మధ్య బెత్తెడు సందు ఉంది. చెంగయ్య నా వైపు చూశాడు. పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

నేను కొయ్యను లోపలికి తోసి, మడమతో తన్ని, ఊపి చూసి, డ్రైవరుకు వినబడేట్టు అరిచాను.